విశాఖ కోట ఏమైంది? సముద్రపు ఒడ్డు కోట మ్యూజియం కావాలంటే

విశాఖలో పాత కట్టడాల మాట వచ్చినప్పుడల్లా ఒక ప్రశ్న వినిపిస్తుంది. తమిళనాడులో తరంగంబాడి కోటను మ్యూజియం చేశారు. చెన్నై సెయింట్ జార్జి కోటలోనూ మ్యూజియం ఉంది. మూడు వందల ఏళ్లు దాటిన రేవుపట్నం మనది, మరి మన కోటను ఎందుకు చేయలేదు? న్యాయమైన ప్రశ్నే. అయితే జవాబు వెతకబోతే, అసలు మన కోట అంటే ఏది అన్న దగ్గరే చిక్కు పడుతుంది. బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియమే డచ్ కోట అని కొందరి నమ్మకం. కోట వీధిలో కోట ఉండే ఉంటుందని కొందరంటారు, భీమిలిలో ఉందని మరికొందరు. కోస్టల్ బ్యాటరీ కూడా కోటలో భాగమేనని ఇంకొందరు. ఈ నాలుగూ వేర్వేరు పనులకు పుట్టినవి. ముందు వీటిని విడదీసుకుంటే, ఏది మ్యూజియం కాగలదో, ఏది కాలేదో, ఎందుకో తేలుతుంది.

నాలుగు చోట్లు, నాలుగు కథలు

విశాఖ మ్యూజియంతో మొదలుపెడదాం. 1991 అక్టోబరులో అప్పటి ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దన రెడ్డి దీన్ని ప్రారంభించారు. డచ్ బంగ్లా అని పేరుపడిన పాత ఇంట్లో ఇది నడుస్తోంది. పాత ఆయుధాలు, నాణేలు, పటాలు, రాజుల కాలం నాటి బట్టలు, పింగాణీ సామాను ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ విమానాలు వేసిన 250 పౌండ్ల బాంబు తొడుగు కూడా ఉంది. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయన్న సంగతి చాలామంది పిల్లలకు మొదట తెలిసేది ఆ బాంబును చూసినప్పుడే. అయితే ఆ భవనం ఒక నివాసం, కోట కాదు. బురుజులు, కందకం దానికి ఎన్నడూ లేవు.

రెండోది కోట వీధి. వన్‌టౌన్‌లో పాత పోస్టాఫీసు దాటి, కురుపాం మార్కెట్ చుట్టుపక్కల సందుల్లోకి వెళ్తే కోట వీధి, బురుజుపేట, సోల్జర్‌పేట, రెజిమెంటల్ లైన్స్ అన్న పేర్లు ఒకదాని వెంట ఒకటి తగులుతాయి. ఈస్టిండియా కంపెనీ కోట ఉన్నది ఈ ప్రాంతంలోనే. పేర్లు మిగిలాయి, కోట మిగల్లేదు.

మూడోది భీమిలి. అక్కడ కోట డచ్చివాళ్లది. 17వ శతాబ్దంలో వాళ్ల కంపెనీ అక్కడ స్థావరం పెట్టుకుంది. ఇప్పుడు కోట పేరుతో చూపించగలిగింది కొద్దిపాటి శిథిలమే. కానీ పెద్ద పెద్ద సమాధులతో హాలండర్స్ గ్రీన్ శ్మశానం ఉంది, గడియార స్తంభం ఉంది, పాత వీధుల వరుస చెదరకుండా ఉంది. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరది.

నాలుగోది కోస్టల్ బ్యాటరీ. తీరం వెంబడి ఫిరంగులు నిలిపిన చోటుకు వచ్చిన పేరు అది. బీచ్‌లో ఇసుకలో కూరుకుపోయి కనిపించే కాంక్రీటు బంకర్లు ఇంకా తర్వాతివి, రెండో ప్రపంచ యుద్ధం నాటివి. వీటికీ కోట వీధి కోటకూ మధ్య ఎన్నో తరాల తేడా ఉంది.

గిడ్డంగికి గోడ కట్టారు, గోడ కోట అయింది

ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1682లో విశాఖపట్నంలో ఫ్యాక్టరీ పెట్టింది. ఆ రోజుల్లో ఫ్యాక్టరీ అంటే సరుకు తయారయ్యే చోటు కాదు. బట్టల మూటలు దాచే గిడ్డంగి, లెక్కలు రాసే కచేరీ, వర్తకులు ఉండే ఇళ్లు, అన్నీ ఒకే ఆవరణలో ఉండేవి. విశాఖ చుట్టుపక్కల నేతగాళ్లకు ముందుగా బయానా ఇచ్చి, ఓడ వచ్చేలోగా బట్ట పోగుచేసి ఉంచడం దాని పని. ఖరీదైన సరుకు నెలల తరబడి ఒకచోట పడి ఉంటే దానికి గోడ కావాలి. గోడకు కాపలా కావాలి. కాపలాకు ఫిరంగి కావాలి. మన తూర్పు తీరంలో యూరోపియన్ల కోటలు చాలావరకు ఇలా గిడ్డంగి చుట్టూ పెరిగినవే.

గోడ అవసరం కంపెనీకి తొందరలోనే తెలిసొచ్చింది. 1689లో ఔరంగజేబుకూ కంపెనీకీ గొడవ ముదిరినప్పుడు మొఘల్ అధికారులు ఈ స్థావరాన్ని పట్టుకున్నారు. ఆ దాడిలో కంపెనీ ఉద్యోగులు కొందరు చనిపోయారు. తర్వాత రాజీ కుదిరి వర్తకం మళ్లీ సాగింది. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ విశాఖను పట్టుకున్నాడు. మరుసటి ఏడాది విజయనగరం రాజు ఆనంద గజపతి ఫ్రెంచివాళ్ల నుంచి దాన్ని తీసుకుని ఇంగ్లీషువాళ్లకు అప్పగించాడు. ఆయన పిలుపు మీదే బెంగాల్ నుంచి కల్నల్ ఫోర్డు సైన్యం వచ్చింది. ఇద్దరూ కలిసి 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచి సైన్యాన్ని ఓడించారు. అప్పట్లో ఉత్తర సర్కారులు అని పిలిచిన ఈ కోస్తా ప్రాంతం చరిత్ర ఆ యుద్ధంతో మలుపు తిరిగింది.

1780 అక్టోబరులో ఇక్కడి సిపాయిలు తిరగబడ్డారు. హైదర్ అలీతో యుద్ధానికి మద్రాసు వెళ్లాలి, ఓడ ఎక్కండి అన్నారు అధికారులు. ఎక్కం అన్నారు సిపాయిలు. తుపాకులు అధికారుల మీదికే తిరిగాయి, ఖజానా దోచారు. 1857కు 77 ఏళ్ల ముందు జరిగిన తిరుగుబాటు ఇది. మన బడి పుస్తకాల్లో దీనికి దక్కిన చోటు చాలా తక్కువ.

ఇక 1804 సెప్టెంబరు 15. ఆ రోజు విశాఖ రేవు ముందు సెంచూరియన్ అనే 50 ఫిరంగుల ఇంగ్లీషు యుద్ధనౌక లంగరు వేసి ఉంది. దాని పక్కనే బార్నబీ, ప్రిన్సెస్ షార్లెట్ అనే రెండు కంపెనీ సరుకు ఓడలు ఉన్నాయి. సెంచూరియన్ కెప్టెన్ ఒడ్డున ఉన్నాడు. ఫ్రెంచి అడ్మిరల్ లినోయి 74 ఫిరంగుల మారెంగో, మరో రెండు యుద్ధనౌకలతో వచ్చిపడ్డాడు. బార్నబీ లంగరు తాళ్లు తెంపుకుని ఒడ్డుకు కొట్టుకొచ్చి అలల్లో ముక్కలైంది. ప్రిన్సెస్ షార్లెట్ లొంగిపోయింది. సెంచూరియన్ మాత్రం లోతు తక్కువ నీళ్లలోకి జరిగి, ఒడ్డున ఉన్న ఫిరంగుల అండతో నిలబడింది. పెద్ద ఓడ కాబట్టి మారెంగో అంత దగ్గరికి రాలేకపోయింది. చివరికి లినోయి దొరికిన ఓడతో వెనుదిరిగాడు. ఇదంతా ఇప్పుడు మనం సాయంత్రాలు గాలి పీల్చుకోవడానికి వెళ్లే సముద్రం మీదే జరిగింది.

ఇన్ని చూసిన కోట ఏమైంది? దాన్ని ఎవరూ కూల్చి గెలవలేదు. అవసరం తీరిపోయింది, అంతే. 1766లో నిజాంతో కుదిరిన ఒప్పందంతో ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి వచ్చాయి. నెపోలియన్ యుద్ధాలు ముగిశాక సముద్రం వైపు నుంచీ భయం తగ్గింది. దొరలు గాలి బాగుంటుందని వాల్తేరు మెట్ట మీదికి మకాం మార్చారు. కాపలా లేని గోడ ఇటుకల గనిలాంటిది, ఊరు పెరిగేకొద్దీ అది ఇళ్లలో కలిసిపోతుంది. 1933లో హార్బర్ తెరిచే నాటికి ఉప్పుటేరు ముఖద్వారం తవ్వి ఓడల దారి చేశారు. అలల తాకిడికి అడ్డుగా రెండు పాత ఓడలను కావాలని ముంచారు. అంటే కోట పుట్టిన నాటి తీరపు రూపురేఖలే ఇప్పుడు లేవు.

కోటలో మ్యూజియం వేరు, కోటే మ్యూజియం కావడం వేరు

ఈ తేడా దగ్గరే చర్చలు ఎక్కువగా దారి తప్పుతాయి.

చెన్నై సెయింట్ జార్జి కోటను చూడండి. ఆ కోటలో సచివాలయం ఉంది, శాసనసభ ఉంది, సైన్యం ఉంది. మ్యూజియం ఉన్నది లోపల ఒక భవనంలో. 1795లో పూర్తయిన ఆ భవనంలో ఒకప్పుడు వర్తకులు కూడి బేరాలు ఆడుకునేవారు. 1948 జనవరి 31న అది మ్యూజియం అయింది. మిగతా కోట తన పని తాను చేసుకుపోతోంది. ఇది కోటలో మ్యూజియం.

తరంగంబాడి సంగతి వేరు. తంజావూరు రఘునాథ నాయకుడితో ఒప్పందం చేసుకుని డేన్లు, అంటే డెన్మార్క్ వాళ్లు, 1620లో అక్కడ డాన్స్‌బోర్గ్ కోట మొదలుపెట్టారు. 1845లో ఊరినంతా ఇంగ్లీషువాళ్లకు అమ్మేశారు. ఆ తర్వాత కోట చాలాకాలం ప్రభుత్వ అతిథి బంగ్లాగా నడిచింది. 1970ల చివర్లో తమిళనాడు పురావస్తు శాఖ చేతికి వచ్చి మ్యూజియం అయింది. 2000 తర్వాత డెన్మార్క్ వాళ్ల తోడ్పాటుతో మరమ్మతులు జరిగాయి. అక్కడ ప్రధాన ప్రదర్శన కోటే. దిగువన గిడ్డంగి గదుల్లో నిలబడితే సరుకు ఎక్కడ పెట్టేవారో, పై అంతస్తు చూస్తే అధికారి ఎక్కడ ఉండేవాడో అర్థమవుతుంది. అద్దాల పెట్టెల్లోని వస్తువులు దానికి వివరణ మాత్రమే.

మూడో రకమూ ఉంది. దొరికిన చోటే వస్తువులను ఉంచి చూపే సైట్ మ్యూజియం. మన దేశంలో పురావస్తు శాఖ ఈ ఆలోచన మీద మొదట కట్టింది సారనాథ్‌లో, 1910లో పూర్తయింది. తెలుగువాళ్లకు బాగా తెలిసినది నాగార్జునకొండ. లోయ నీట మునుగుతుంటే తవ్వి తీసినవాటిని కొండ మీదికి చేర్చి అక్కడే మ్యూజియం పెట్టారు. అమరావతి స్తూపానికి ఆ అదృష్టం దక్కలేదు. దాని శిల్పాల్లో చాలావరకు లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ చెన్నై మ్యూజియంలోనూ ఉన్నాయి. స్థలం ఒకచోట, వస్తువు ఒకచోట అయితే ఏం పోతుందో తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

ఈ కొలతతో చూస్తే విశాఖ పరిస్థితి స్పష్టమవుతుంది. కోట వీధిలో తరంగంబాడి లాంటిది చేయలేం, చూపడానికి గోడ లేదు. భీమిలిలో కొంత ఉంది గానీ, అది ఒక్క కోటగా కాదు. శ్మశానం, గడియార స్తంభం, పాత ఇళ్లు, రేవు కలిసి ఊరంతా పరుచుకుని ఉంది. కాబట్టి రెండు చోట్లకూ ఒకే పథకం పనికిరాదు. భీమిలికి కావలసింది ఊరు మొత్తాన్ని చదివించే ఏర్పాటు, కోట వీధికి కావలసింది కనిపించని దాన్ని చూపించే ఏర్పాటు అని నా అభిప్రాయం.

ఉప్పుగాలితో పోరాటం

సముద్రపు ఒడ్డు కోటను మ్యూజియం చేయడంలో అసలు కష్టం రిబ్బన్ కట్ చేశాక మొదలవుతుంది.

పాత గోడలు గానుగ సున్నంతో కట్టినవి. సున్నం, ఇసుక గానుగలో నూరి, బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు కలిపేవారు. ఆ సున్నం రాయిలా బిగిసినా లోపల సన్నని రంధ్రాలు ఉంటాయి, గోడ చెమ్మను పీల్చి మళ్లీ బయటికి వదిలేస్తుంది. సముద్రపు గాలిలోని ఉప్పు ఆ చెమ్మతో పాటు గోడలోకి దిగుతుంది. ఎండకు నీరు ఆరిపోతుంది, ఉప్పు గడ్డకట్టి ఉండిపోతుంది. వానాకాలంలో వంటింట్లో ఉప్పు డబ్బా చెమ్మగిల్లినట్టే, గాలిలో తేమ పెరిగినప్పుడు గోడలోని ఉప్పు కరుగుతుంది. ఎండ రాగానే మళ్లీ పలుకు కడుతుంది. పలుకు కట్టిన ప్రతిసారీ ఆ సన్నని రంధ్రం గోడల మీద ఒత్తిడి పడుతుంది. ఏళ్ల తరబడి ఇలా జరిగితే ఇటుక పిండిలా రాలుతుంది.

ఇక్కడే మంచి ఉద్దేశంతో పెద్ద నష్టం చేస్తుంటారు. రాలుతున్న గోడకు సిమెంటు పూత వేస్తారు. మొదటి ఏడాది చూడటానికి బాగుంటుంది. కానీ సిమెంటు చెమ్మను బయటికి పోనివ్వదు. ఉప్పు పూత వెనకే పేరుకుంటుంది. కొన్నేళ్లకు సిమెంటు పెచ్చు ఊడుతుంది, దానితో పాటు అసలు ఇటుక ముఖం కూడా ఊడి వస్తుంది. దెబ్బతిన్నది మళ్లీ రాదు. పాత కట్టడాల పని తెలిసినవాళ్లు సున్నపు గోడకు సున్నమే వేయాలని పట్టుబట్టేది ఇందుకే. ఆ పని నెమ్మది, ఖర్చు ఎక్కువ, చేయగల మేస్త్రీలు తక్కువ. టెండరు పిలిచి వానాకాలంలోపు ముగించాలంటే కుదరదు.

ఇనుప ఫిరంగిది ఇంకో బాధ. మట్టిలోనో సముద్రంలోనో పడి ఉన్న పోత ఇనుములోకి క్లోరైడ్ లవణాలు లోతుగా దిగుతాయి. పైకి తీసి, తుప్పు గీకి, నల్లరంగు వేసి గేటు ముందు నిలబెడితే లోపల తుప్పు పెరుగుతూనే ఉంటుంది. కొన్నాళ్లకు పొరలు పొరలుగా విచ్చుకుంటుంది. సరైన పద్ధతిలో అయితే దాన్ని క్షార ద్రావణంలో నానబెట్టి, ద్రావణం మారుస్తూ, లవణం తగ్గిందని పరీక్షించి తేల్చుకోవాలి. పెద్ద ఫిరంగికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. ఎండలో వానలో రంగులు పూసుకుని నిలబడ్డ ఫిరంగిని చూస్తే నాకు దిగులే వేస్తుంది.

తాళపత్రాలు, కాగితాలు, పట్టుబట్టల కష్టం వేరు. వాటికి తేమ ఎగుడుదిగుడులు పడవు, ఎక్కువ వెలుతురు పడదు. వాటి గదిలో 50 లక్స్‌కు (లక్స్ అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) మించి వెలుగు ఉండకూడదన్నది మ్యూజియంలు పాటించే కొలత. దట్టమైన కోట గోడలు వేడిని ఆపుతాయి గానీ తేమను ఆపవు. దీని మీద తుపాను భయం ఒకటి. 1864 నవంబరు 1 నాటి ఉప్పెన బందరును ముంచి వేలాది ప్రాణాలు తీసింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఏం చేసిందో ఊళ్లో అందరికీ గుర్తే. తరంగంబాడిలో సముద్రం తీరాన్ని కోసేసి, 14వ శతాబ్దపు గుడిలో కొంత భాగాన్ని కూడా తీసుకుపోయింది.

చట్టం ఏమంటుంది: రెండు ఉదాహరణలు

పాత కట్టడం అయినంత మాత్రాన దానికి చట్టం రక్షణ ఉన్నట్టు కాదు. ప్రభుత్వం నోటిఫై చేస్తేనే రక్షిత కట్టడం అవుతుంది. కేంద్రానికి 1958 చట్టం ఉంది, మన రాష్ట్రానికి 1960 చట్టం ఉంది. వారసత్వ పరిరక్షణకు పనిచేసే ఇన్‌టాక్ వంటి సంస్థలు తయారుచేసే జాబితాలు విలువైనవే, కానీ ఆ జాబితాలో పేరు ఉండటం వల్ల కూల్చివేత చట్టరీత్యా ఆగదు. ఇక 500 మీటర్ల లోపు తీరంలో ఏం కట్టాలన్నా తీర ప్రాంత నిబంధనలు అదనంగా అడ్డుపడతాయి.

మొదటి ఉదాహరణ. కేంద్ర రక్షణలో ఉన్న ఒక కోట చుట్టూ మూడు ఇళ్లు ఉన్నాయనుకుందాం. మొదటిది కోట హద్దుకు 80 మీటర్ల దూరంలో ఉంది. 1958 చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం 100 మీటర్ల లోపు నిషేధిత ప్రాంతం, కాబట్టి ఆ ఇంటివాళ్లు కొత్తగా ఏమీ కట్టలేరు, మరమ్మతుకు కూడా అనుమతి కావాలి. రెండోది 250 మీటర్లలో ఉంది. 100 దాటాక మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం, అనుమతి తీసుకుని కట్టుకోవచ్చు. మూడోది 350 మీటర్లలో ఉంది, దానికి ఈ చట్టంతో పని లేదు. ఈ కొలతలు కేంద్రం రక్షించే కట్టడాలకే. ఇప్పుడు ఇదే లెక్కను ఇరుకు సందులు, ఆనుకుని కట్టిన ఇళ్లు ఉన్న కోట వీధి లాంటి చోట ఊహించండి. 100 మీటర్ల లోపు ఎన్ని కుటుంబాలు ఉంటాయో! హెరిటేజ్ అనగానే, పిల్లాడి పెళ్లికి పైన గది వేసుకుందామనుకున్న ఇంటాయనకు టెన్షన్ మొదలవుతుంది. ఆ భయాన్ని అభివృద్ధికి అడ్డు అనో, చరిత్ర తెలియనితనం అనో కొట్టిపారేయడం అన్యాయం.

రెండో ఉదాహరణ. అదే వీధిలో ఒకాయన పునాది తవ్విస్తుంటే పాత నాణేల కుండ బయటపడింది. ఎవరిది? 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇంకా అమల్లో ఉంది. నేలలో దాగి ఉండి దొరికిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే దొరికినవారు కలెక్టరుకు తెలియజేయాలి. కలెక్టరు విచారణ జరిపి, దాని హక్కుదారు ఎవరో తేలుస్తారు. ప్రభుత్వం తీసుకోదలిస్తే పరిహారం చెల్లించే ఏర్పాటు చట్టంలోనే ఉంది. అయినా జనం చెప్పరు. పని ఆగిపోతుందని భయం, ఇల్లు లాగేసుకుంటారని పుకారు. అలా ఎన్ని ఆధారాలు కంసాలి కొలిమిలో కరిగిపోతాయో. స్థానిక మ్యూజియం ఒకటి దగ్గరలో ఉండి, ఆ వీధి మనుషులు దాన్ని తమదనుకుంటే, ఇలాంటి వస్తువు బయటికి వచ్చే అవకాశం పెరుగుతుంది. స్థానిక మ్యూజియం కావాలనే వాదనల్లో నాకు అన్నిటికన్నా బలంగా తోచేది ఇదే.

లేని గోడను మళ్లీ కట్టాలా?

దీని మీద నిజాయితీ గల అభిప్రాయాలు మూడున్నాయి.

కట్టాలనేవాళ్ల మాట ఇది: జనానికి కళ్లముందు రూపం కావాలి, ఖాళీ స్థలంలో బోర్డు పెడితే ఎవరు ఆగుతారు? వీళ్లకు వార్సా పాతబస్తీ ఉదాహరణ ఉంది. 1944లో నాజీలు నేలమట్టం చేసిన ఆ ఊరిని పోలండ్ ప్రజలు 18వ శతాబ్దపు చిత్రాలు, కొలతల పటాలు ముందు పెట్టుకుని మళ్లీ కట్టుకున్నారు. 1980లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

వద్దనేవాళ్లకు 1964 వెనిస్ ఒడంబడిక ఆధారం. పాత కట్టడాల పరిరక్షణ సూత్రాల పత్రం అది. ఊహ మొదలయ్యే చోట పునరుద్ధరణ ఆగిపోవాలని అది చెబుతుంది. వార్సాకు వివరమైన పటాలు ఉన్నాయి, ఊరు పోయిన కొద్ది ఏళ్లకే, దాన్ని చూసిన మనుషులు బతికి ఉండగానే కట్టారు. ఎప్పుడో ఇళ్లలో కలిసిపోయిన కోటను ఊహించి కడితే అది సెట్టింగు అవుతుంది, చరిత్ర కాదు. చూసిన పిల్లలు అదే నిజమనుకుంటారు.

మూడో దారి, ఆధారం ఉన్న మేరకు నేల మీద గుర్తు వేయడం. బెర్లిన్‌లో గోడ పోయిన చోట రోడ్డు మీద రెండు వరుసల రాళ్లు పరిచి గోడ ఎటు నుంచి ఎటు వెళ్లిందో చూపించారు. బస్సులు, సైకిళ్లు దాని మీదుగానే పోతుంటాయి. ఎవరి ఇల్లూ పోదు. కోట వీధికి ఇది అన్నిటికన్నా అతుకుతుందని నా నమ్మకం. దానికి ముందు జాగా ఎక్కడో తేల్చే సర్వే కావాలి.

తెల్లవాళ్ల కోటకు మన డబ్బు ఎందుకు?

ఈ ప్రశ్న వేసేవాళ్లను తప్పుబట్టలేం. నేతగాళ్ల బట్టకు కంపెనీలు ధర కట్టింది ఆ కోటల్లో కూర్చునే. డచ్ కంపెనీ 17వ శతాబ్దంలో కరువులు వచ్చినప్పుడల్లా ఈ కోరమాండల్ తీరం నుంచి మనుషులను బానిసలుగా కొని బటేవియాకు (నేటి జకార్తా), సింహళానికి ఓడలెక్కించింది. కోటను మ్యూజియం చేసి, దొరల కుర్చీలు, గాజు గ్లాసులు మాత్రం పెట్టి ఈ సంగతి దాచిపెడితే అది అబద్ధమే. రెండోవైపు, కోటను వదిలేస్తే బానిసల కథ కూడా దానితోపాటే పోతుంది. ఆ గిడ్డంగి నిలబడి ఉంటేనే, ఇక్కడి నుంచే అని వేలు పెట్టి చూపగలం.

మ్యూజియం అంటే ఏమిటో అంతర్జాతీయ మ్యూజియంల మండలి 2022లో కొత్త నిర్వచనం ఇచ్చింది. సమాజ సేవలో ఉండే, లాభాపేక్ష లేని శాశ్వత సంస్థ అని, వస్తువులనే కాక చేతికి అందని వారసత్వాన్ని కూడా సేకరించి వివరించాలని అందులో ఉంది. విశాఖకు ఆ రెండో మాట చాలా ముఖ్యం. ఈ రేవు నుంచి బర్మా వెళ్లి, యుద్ధంలోనూ ఆ తర్వాతా తిరిగొచ్చినవాళ్ల పేరుతో బర్మా క్యాంపు ఉంది. కాంట్రాక్టు కూలీలుగా దక్షిణాఫ్రికాకు, మారిషస్‌కు వెళ్లినవాళ్లున్నారు. అలలను చీల్చుకుని ఓడ దగ్గరికి మసూలా పడవలు నడిపిన జాలరులున్నారు. హార్బర్ లేని కాలంలో వాళ్లు లేకపోతే ఏ కంపెనీ మూటా ఓడ ఎక్కేది కాదు. వీళ్లెవరికీ రాతి స్మారకాలు లేవు.

వస్తువుల విషయానికొస్తే ఒక్కటి చెప్పాలి. 18వ శతాబ్దంలో విశాఖ కంసాలులు టేకు, రోజ్‌వుడ్ చెక్కలో ఏనుగు దంతం పొదిగి కుర్చీలు, బీరువాలు, రాత పెట్టెలు చేసేవారు. దంతం మీద పూలతీగలు సన్నగా చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపేవారు. దగ్గరి నుంచి చూస్తే కలంతో గీసినట్టుంటుంది. రూపం యూరోపియన్లది, తీగల అల్లిక కలంకారీ అద్దకం నుంచి వచ్చింది. ఆ కుర్చీలు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో విశాఖపట్నం పేరుతోనే ఉన్నాయి. పెద్ద వేలం సంస్థల పట్టికల్లోనూ ఆ పేరు వస్తుంటుంది. కొని తెచ్చుకుందామంటే మన దేశంలో దంతం వ్యాపారం నిషేధం. ఏనుగులను కాపాడటానికి అది అవసరమైన చట్టం. కాబట్టి మిగిలిన దారులు అరువుగా తేవడం, ఫొటోలు, త్రీడీ కొలతలతో తీసిన డిజిటల్ ప్రతులు.

వస్తువుల కన్నా ముందు రావలసింది పరిశోధన. డచ్ కంపెనీ కాగితాలు హేగ్‌లోని జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. యునెస్కో 2003లో వాటిని ప్రపంచ జ్ఞాపక పత్రాల జాబితాలో చేర్చింది. పాత డచ్ లిపి చదవగలిగితే భీమిలి కోటలో ఏ ఏడు ఏ బట్ట ఏ ధరకు కొన్నారో తెలుసుకునే దారి అక్కడ ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వపు పాత దస్తావేజులు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, విశాఖ నుంచి రాత్రి రైలు ఎక్కితే మర్నాడు వెళ్లి చూడగలిగినంత దగ్గర. కోట గోడ ఎటు నుంచి ఎటు పోయిందో, బురుజులు ఎన్నో, సిపాయిల జీతం ఎంతో, గోడకు సున్నం నూరిన కూలీలకు ఎంత ఇచ్చారో వెతకవలసింది అక్కడే. ఆ దస్తాలు చదవడానికి ఇద్దరు ముగ్గురు చరిత్ర విద్యార్థులకు కొన్నేళ్లు జీతం ఇవ్వడం, ఏ భవనానికైనా రంగులు వేయించడం కన్నా ముందు జరగవలసిన పని.